ఇండక్షన్‌లో మానసిక ఆరోగ్యానికి గంటన్నర ఇస్తే ఏం చెప్పాలి?

ప్రశ్న: విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఫస్టియర్ పిల్లల ఇండక్షన్‌లో ‘మానసిక ఆరోగ్యం’ అని గంటన్నర నా నెత్తిన పెట్టారు. నేను సైకాలజీ చదవలేదు. పోయినేడు ఒక మోటివేషనల్ స్పీకర్‌ని పిలిచారు. చప్పట్లు కొట్టించి, కళ్లు మూయించి, అమ్మను తలుచుకోమని ఏడిపించి వెళ్లారు. వారం తిరక్కముందే ఎవరికీ ఏమీ గుర్తు లేదు. ఈసారి పనికొచ్చేది ఏం చెప్పాలి?

జవాబు:

ముందు మీ నెత్తిమీది బరువు కొంత దించుతాను. ఆ గంటన్నరలో మీరు ఎవరికీ ధైర్యం నూరిపోయనక్కర్లేదు, ఎవరి జబ్బూ కనిపెట్టనక్కర్లేదు. హాలు దాటి వెళ్లేటప్పటికి పిల్లలకు మూడు సంగతులు తెలిస్తే చాలు. ఇది మామూలు దిగులా కాదా అని గుర్తుపట్టడం, కాదనిపిస్తే ఏ గడప తొక్కాలో తెలియడం, అక్కడికెళ్లాక నోరు తెరిచి చెప్పే మొదటి వాక్యం. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. చాలామంది ఆగిపోయేది మాత్రం సరిగ్గా అక్కడే.

మనసు జబ్బుల్ని గుర్తుపట్టడం, సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియడం, వీటినే మానసిక ఆరోగ్య అక్షరాస్యత అంటారు. ఈ మాటను 1997లో ఆస్ట్రేలియాలో ఆంథొనీ జోర్మ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చారు. నిర్వచనాలు అప్పజెప్పించుకోవడం ఆయన పద్ధతి కాదు. ఒక మనిషి పరిస్థితిని చిన్న కథలా చెప్పి, ‘ఇతనికి ఏమైంది? ఎవరి దగ్గరికి వెళ్తే మేలు?’ అని అడిగేవారు. మీరూ అదే చేయండి. స్లైడ్లు వద్దు. నాలుగు కథలు, ఒక్కోదానికి దాదాపు పది నిమిషాలు. 60 మందిని మించి కూర్చోబెట్టకండి. సెమినార్ హాల్లో 600 మందిని కుదిస్తే అది మళ్లీ పోయినేటి ఉపన్యాసమే అవుతుంది.

మన పిల్లల దగ్గర ఉన్న మాటలు రెండే. ఒక చివర ‘మూడాఫ్’, ఇంకో చివర ‘మెంటల్’. మధ్యలో ఏమీ లేదు. మిడ్‌లో మార్కులు తగ్గితే ‘డిప్రెషన్‌లో ఉన్నా మామా’ అంటారు. నిజంగా డిప్రెషన్ వచ్చినవాణ్ణి మాత్రం ‘బద్ధకంరా వాడికి’ అంటారు. వాడూ తన గురించి అదే అనుకుంటాడు. కాబట్టి మొదటి కథ దీనిమీదే ఉండాలి. ఇలా చెప్పవచ్చు:

“నరసరావుపేట దగ్గర పల్లెటూరి కుర్రాడు. ఇంటర్లో మంచి మార్కులు. హాస్టల్లో చేరి రెండు నెలలైంది. మూడు వారాలుగా ఫస్ట్ పీరియడ్‌కి లేవడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, కానీ మంచం దిగడు. మెస్‌లో పప్పన్నం కలుపుకుంటాడు, నాలుగు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టేస్తాడు. క్రికెట్ అంటే ప్రాణం, ఇప్పుడు మ్యాచ్ నడుస్తున్నా ఫోన్ తిప్పి చూడడు. రెండు రోజులకోసారి స్నానం. నాన్న ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా’ అంటాడు. ‘నాకింత ఖర్చు పెట్టడం దండగ’ అని రూమ్మేట్‌తో ఒకసారి అన్నాడు. వీడికేమైంది?”

చీటీలు పంచి, పేరు లేకుండా రాయించండి. సగానికి సగం ‘బద్ధకం’, ‘లవ్ ఫెయిల్యూర్’ అని వస్తాయి. వాటిని తప్పని కొట్టేయకుండా, కథలోకి మళ్లీ వెళ్లి ఒక్కో గుర్తునూ వేలుపెట్టి చూపించండి. బద్ధకస్తుడు క్లాసు ఎగ్గొట్టి క్రికెట్ చూస్తాడు, వీడు క్రికెట్ కూడా చూడటం లేదు. తేడా అక్కడే ఉంది. డిప్రెషన్‌కు వైద్యులు చూసే గుర్తులు తొమ్మిది: మనసు బరువుగా ఉండటం, ఇష్టమైనవాటిమీద ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, తాను పనికిరానివాణ్ణన్న భావం, కదలికలు మందగించడం లేదా కాలుగాలిన పిల్లిలా తిరగడం, చావు ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, అందులో మొదటి రెండింట్లో ఒకటి తప్పనిసరిగా, దాదాపు రోజూ, రెండు వారాలపాటు ఉండి పనులు కుంటుపడితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లలకు తొమ్మిదీ గుర్తుండవు. ‘రెండు వారాలు, ఇష్టమైనది కూడా చేదెక్కడం’ అన్న రెండు ముక్కలు గుర్తుంటాయి.

ఇక్కడ చాలా కాలేజీలు చేసే పొరపాటు ఒకటుంది. డిప్రెషన్ గుర్తుల్ని కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ ఉంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవడం మంచిది. ఇంత సులువుగా ఉంది కదా అని హాల్లో అందరికీ పంచి, రోల్ నంబరుతో సహా నింపించి, బీరువాలో పెట్టేస్తారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఎవరైనా 0 కాకుండా ఇంకేదైనా రాస్తే ఆ రోజు సాయంత్రంలోగా ఎవరో ఒకరు ఆ పిల్లతోనో పిల్లాడితోనో కూర్చుని మాట్లాడాలి. ఆ మనిషి మీ దగ్గర సిద్ధంగా లేనప్పుడు ఆ కాగితం పంచకండి. ఎవరికి వారు ఇంట్లో చూసుకోమని చెప్పండి, అంతే.

రెండో కథ ఇంటి బెంగ మీద పెట్టండి. ఒక అమ్మాయి రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంది, పొద్దున క్యాంటీన్లో స్నేహితులతో నవ్వుతుంది, శనివారం కోసం రోజులు లెక్కపెడుతుంది. ఇది జబ్బు కాదు. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. దసరా సెలవులయ్యాక నెహ్రూ బస్టాండులో దిగిన సాయంత్రం మళ్లీ తిరగబెడుతుంది, అదీ మామూలే. ఈ కథ పెట్టడం ఎందుకంటే, ప్రతిదీ జబ్బనే భ్రమ కలిగితే అదీ నష్టమే. వారానికోసారి ఇంటికి పరుగెత్తేవాళ్ల బెంగ ఆలస్యంగా తగ్గుతుందని కూడా చెప్పండి. మొదటి నెలలో వరసగా రెండు వారాంతాలైనా హాస్టల్లో ఉండమనండి.

మూడోది ప్యానిక్ అటాక్. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే హాస్టల్లో అర్ధరాత్రి అందర్నీ హడలగొట్టేది ఇదే. ఉన్నట్టుండి గుండె దడదడ, ఊపిరి అందదు, చేతులు తిమ్మిరి, చెమటలు, ‘పోతున్నాన్రా’ అనే భయం. పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరుతుంది, సాధారణంగా అరగంటలోపు దిగిపోతుంది. పక్కవాళ్లు గ్యాస్ అని సోడా తాగిస్తారు, లేదా గుండెపోటని బెంబేలెత్తుతారు. మొదటిసారి వచ్చినప్పుడు, అందులోనూ ఛాతీ నొప్పి ఉన్నప్పుడు, ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించడమే సరైన పని. అనుమానం మిగలకూడదు. ఈసీజీ, రక్తపరీక్షలు బాగున్నాయని డాక్టరు చెప్పాక మళ్లీ వస్తే ఏం చేయాలన్నదే నేర్పాల్సింది. కూర్చోబెట్టండి. చుట్టూ పదిమంది గుమిగూడకూడదు, ఒక్కరు చాలు. ‘ఏం కాదు’ అనకండి, అవతలివాడికి అవుతోంది కదా. ‘ఇది ప్యానిక్, కాసేపట్లో దిగుతుంది, నేనిక్కడే ఉన్నా’ అనండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనండి. మీరూ పక్కన అలాగే చేస్తుంటే వాళ్లకు అనుసరించడం తేలిక. కవర్లో మూతి పెట్టి ఊపిరి పీల్చమనే పాత చిట్కా వద్దు, అది ప్రమాదం.

తర్వాత వచ్చే చిక్కు అసలైనది. మళ్లీ వస్తుందేమోనని ల్యాబ్‌కి వెళ్లడం మానేస్తారు, బస్సెక్కడం మానేస్తారు. మానేసిన ప్రతి చోటూ ఇంకా భయంకరంగా కనపడుతుంది. ఈ తప్పించుకోవడమే జబ్బును పెంచుతుంది. చికిత్సలో సైకాలజిస్టు చేయించేది దీనికి వ్యతిరేకం. వదిలేసిన చోటికి కొంచెం కొంచెంగా తిరిగి పంపిస్తారు.

నాలుగో కథ అరుదైనది, కానీ సరిగ్గా ఈ వయసులో మొదలయ్యేది కాబట్టి వదలకండి. ఒకడు ఫోన్ కెమెరామీద ప్లాస్టర్ అంటించాడు. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ తన గురించే కోడ్‌లో మాట్లాడుకుంటున్నారంటాడు. మెస్ అన్నంలో ఏదో కలుపుతున్నారని బిస్కెట్లు తిని బతుకుతున్నాడు. రాత్రిళ్లు ఒక్కడే గొణుక్కుంటాడు. ఇళ్లల్లో దీన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, దానిమీద వాదనకు దిగితే మనిషి చేజారిపోతాడు. డాక్టరు దగ్గరికి మాత్రం ఆ వారంలోనే వెళ్లాలి, ఎందుకంటే సైకోసిస్‌లో, అంటే లేనిది ఉన్నట్టు వినిపించి, కనిపించి, దాన్నే నమ్మే ఈ జబ్బులో, వైద్యం ఆలస్యమయ్యే కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. గంజాయి ఈ జబ్బు ముప్పును పెంచుతుందన్నది నిర్ధారణ అయిన విషయం. ఒక జాగ్రత్త: ‘సీనియర్లు నా వెంట పడుతున్నారు’ అని పిల్లాడు చెబితే దాన్ని భ్రమ అని కొట్టేసే ముందు నిజంగా ర్యాగింగ్ జరుగుతోందా అని విచారించాలి. యూజీసీ యాంటీ ర్యాగింగ్ నంబరు 1800-180-5522 అందరికీ రాయించండి. లోన్‌యాప్‌వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించినా, బెట్టింగ్ యాప్‌లో మోసపోయినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. ఈ రెండు వ్యవహారాల్లో పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకునేది డబ్బు పోయిందని కంటే ఇంట్లో తెలుస్తుందన్న భయంతోనే.

ఇంకో ముక్క. నీరసం, మతిమరుపు, దిగులు అన్నీ మనసువే కానక్కర్లేదు. రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం అచ్చం ఇలాగే కనిపిస్తాయి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలియంది కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్, బీ12 పరీక్షలు డాక్టరు రాస్తే చేయించుకోమనండి. ‘రక్తపరీక్షకి వెళ్తున్నా’ అంటే హాస్టల్లో ఎవరూ వింతగా చూడరు. గడప దాటడానికి అదొక మర్యాదైన దారి.

ఇక ఏ గడప అన్న సంగతి. మన వైపు ‘మానసిక, నరాల వ్యాధుల నిపుణులు’ అని ఒకే బోర్డుమీద ఉండటంతో జనం అంతా ‘నరాల డాక్టర్’ అంటారు. ‘నరాల బలహీనత’ అంటే పరువు, ‘మెంటల్’ అంటే అప్రతిష్ఠ. పిల్లలకు తేడా స్పష్టంగా చెప్పండి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లేదా డీపీఎం లాంటిది చేసిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. వాళ్లకు పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉండాలి, అడిగితే తప్పేమీ లేదు. న్యూరాలజిస్టు ఫిట్స్, పక్షవాతం చూసేవారు. మూడు రోజుల కోర్సు చేసి ‘లైఫ్ కోచ్’ బోర్డు పెట్టినవాళ్లు వీళ్లలో ఎవరూ కాదు.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో (జీజీహెచ్), మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఇలా పేర్లు చెప్పి వదిలేస్తే ఒక్కరూ వెళ్లరు. ఇండక్షన్‌కి ముందు వారం మీలో ఒకరు స్వయంగా వెళ్లి ఓపీ ఏ రోజుల్లో, ఎన్నింటికి మొదలవుతుంది, చీటీ ఎక్కడ తీయాలి, గది ఏ బ్లాకులో ఏ అంతస్తులో, మీ కాలేజీ గేటు ముందు ఏ బస్సెక్కాలి అన్నవి రాసుకురండి. ఏటీఎం కార్డంత కార్డుమీద ఒకవైపు ఇవి, రెండోవైపు ఫోన్ నంబర్లు అచ్చు వేయించండి. ఫోన్ కవర్ వెనక దూరేంత సైజులో ఉంటే పారేయరు. నంబర్లలో మొదటిది టెలీ మానస్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ ఇది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ ఎత్తుతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. హాల్లో అందరి ముందూ స్పీకర్ పెట్టి ఒకసారి కలిపి, భాష ఎంచుకునేదాకా వినిపించి పెట్టేయండి. ‘ఫోన్ చేస్తే ఏమవుతుందో’ అన్న జంకు సగం అక్కడ పోతుంది. ప్రాణాపాయం ఉంటే 108 లేదా 112.

మొదటి వాక్యానికి వద్దాం. కౌన్సిలర్ గది గుమ్మం దాకా వచ్చి ‘ఏంటమ్మా?’ అనగానే ‘ఏం లేదు మేడం, ఊరికే’ అని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. అందుకని వాక్యం తయారుచేసి ఇవ్వండి: ‘రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు, చదువు బుర్రకెక్కడం లేదు, నాకు సాయం కావాలి.’ ఎప్పటినుంచి, ఏం జరుగుతోంది, ఏం కావాలి అన్న మూడూ అందులో ఉన్నాయి. జంటలుగా కూర్చోబెట్టి, ఒకరికొకరు పైకి చెప్పించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. నోరు ఒకసారి తిరిగిన వాక్యం అవసరానికి బయటికొస్తుంది.

స్నేహితుడి గురించి భయం వేసినప్పుడు అడగాల్సిన వాక్యమూ ఉంది, అది ఇంకా కష్టం. ‘ఏరా, చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. అది నిజం కాదు. అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది. ‘పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడగడం మాత్రం తప్పు, ఎందుకంటే ఆ ప్రశ్నలోనే ‘లేవని చెప్పు’ అన్న ఒత్తిడి ఉంది. అవునంటే నీతులు చెప్పొద్దు, అమ్మానాన్నల త్యాగాలు గుర్తుచేయొద్దు. తాను భారమైపోయాననే అనుకుంటున్నవాడికి అది ఇంకో రాయి. ఒంటరిగా వదలకుండా, హాని చేసే వస్తువులు అందకుండా చూసి, వార్డెన్‌నో మిమ్మల్నో పిలవాలి, పక్కన కూర్చునే 14416కి కలపాలి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయ్’ అంటే ఆ ఒక్క ఒట్టు వేయకూడదు. వేసి ఉంటే తప్పాలి. ఈ మాట హాల్లో మీ నోటితో చెప్పండి, ఆ పిల్లలకు అనుమతి దొరికినట్టవుతుంది.

మందుల గురించి తప్పక అడుగుతారు: అలవాటైపోతాయా, మొద్దుబారిపోతామా? ఇక్కడ రెండు రకాల మాత్రల్ని కలిపేసి భయపడుతున్నారు. డిప్రెషన్, ఆందోళనలకు సాధారణంగా ముందు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివాటికి మత్తుమందుల్లా వ్యసనపడటం ఉండదు. కానీ గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి, నిద్రలో తేడా మొదటి వారంలోనే వస్తాయి. అంటే చేదు ముందు, మేలు వెనక. పదో రోజున ‘పనిచేయట్లేదు’ అని పారేసేవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. 25 ఏళ్లలోపువాళ్లలో మొదటి కొన్ని వారాలు అలజడి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. రెండో రకం అల్ప్రాజోలమ్, క్లోనాజెపామ్ లాంటివి. వెంటనే నిద్రపుచ్చుతాయి, అందుకే పరీక్షల ముందు చేతులు మారతాయి. అలవాటయ్యేవి ఇవే. డాక్టరు చీటీ లేకుండా ఏ మెడికల్ షాపూ ఇవ్వకూడదు, ఎవరైనా ఇస్తే అది మేలు చేయడం కాదు.

గోప్యత దగ్గర అబద్ధం ఆడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు రహస్యంగా ఉంచమంటుంది. కానీ ప్రాణాపాయం ఉంటే చెప్పాల్సిందే. పైగా మీ ఫస్టియర్లో చాలామందికి 17 ఏళ్లే. 18 నిండనివాళ్ల వైద్యానికి తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, వాళ్లమీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం ఫిర్యాదు తప్పనిసరి. ‘అంతా రహస్యమే’ అని చెప్పి తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే, ఆ కబురు పొద్దున్నే హాస్టలంతా పాకుతుంది. ఆ ఏడాదికి మీ కౌన్సిలర్ గది ఖాళీ.

మేనేజ్‌మెంట్ ‘ఇదంతా ఎందుకు’ అంటే, విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. వంద, అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హతగల కౌన్సిలర్‌ను పెట్టాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది.

చివరిగా సమయం సంగతి. గంటన్నరనూ ఇండక్షన్‌లోనే ఖర్చు చేయకండి. ఆ వారం పిల్లలు కొత్త ఫోన్ల మత్తులో, కొత్త స్నేహాల హుషారులో ఉంటారు. నిన్నటిదాకా ఇంటర్ రెసిడెన్షియల్లో తెల్లారగట్ల లేపి రాత్రి స్టడీ అవర్ దాకా ఇంకొకళ్లు నడిపిన బతుకు. ఆ కట్టడి పోతే రోజు ఎలా చెదిరిపోతుందో తెలియడానికి నెలన్నర పడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు పాఠం అర్థం కావడం లేదన్న సంగతి మొదటి మిడ్ మార్కులొస్తే గానీ బయటపడదు. కాబట్టి ఇండక్షన్‌లో ఒక గంట, మొదటి మిడ్ మార్కులు పెట్టిన వారంలో అరగంట. ఆ అరగంటలో మొదటి కథ మళ్లీ చదివి, కార్డు మళ్లీ పంచితే చాలు. చాలామంది కార్డు జేబులో పెట్టుకునేది అప్పుడే.

ఫలించిందో లేదో ఫీడ్‌బ్యాక్ ఫారాలతో తేలదు, ‘సెషన్ చాలా బాగుంది సార్’ అని అందరూ రాస్తారు. ఇండక్షన్ నుంచి సెమిస్టర్ చివరిదాకా కౌన్సిలర్ దగ్గరికి తమంతట తాముగా, లేదా స్నేహితుడు తీసుకొస్తే, ఎంతమంది వచ్చారో పేర్లు లేకుండా లెక్కపెట్టండి. పోయినేటికంటే పెరగాలి. పెరిగితే పైవాళ్లు ‘మన కాలేజీలో కేసులు ఎక్కువైపోయాయి’ అని కంగారు పడతారు. వాళ్లకు ముందే చెప్పిపెట్టండి, దాగి ఉన్నవాళ్లు బయటికొస్తే లెక్క అలాగే పెరుగుతుందని.

అడ్మిషన్ రోజున వచ్చే తల్లిదండ్రులకు కూడా పది నిమిషాలు అడిగి తీసుకోండి. రోజూ ఫోన్లో ‘తిన్నావా? చదువుతున్నావా?’ అంటే ‘ఆఁ’ తప్ప ఇంకేం రాదు. ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా? మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తిన్నావు?’ అని అడగమనండి. ‘నేనొక్కణ్ణే’ అన్న జవాబు వారంలో నాలుగుసార్లు వస్తే, మీకు ఫోన్ చేయమని మీ నంబరు ఇవ్వండి.